గ్యాస్ ఆటోనా, కరెంటు ఆటోనా? ఉప్పల్–నాచారం దారిలో తెగని లెక్క

ఔటర్ రింగు రోడ్డు లోపల కొత్త ఆటోలకు తెలంగాణ ప్రభుత్వం 2025లో తలుపు తెరిచింది. పాతది తుక్కు కిందికి పోతే తప్ప కొత్తది రోడ్డెక్కని నగరంలో ఒకేసారి 65,000 బండ్ల మాట వినిపించింది. ఆ సంఖ్యను విడదీసి చూస్తే ఇలా ఉంటుంది: కొత్త ఎలక్ట్రిక్ ఆటోలు 20,000, సీఎన్జీ 10,000, ఎల్పీజీ 10,000. మిగిలిన 25,000 పాత బండ్లు. వాటి ఇంజిను తీసి మోటారు బిగించుకోవచ్చు. అంటే సర్కారు కరెంటు వైపు మొగ్గింది గానీ గ్యాసు చెయ్యి వదల్లేదు. ఏది మేలో తేల్చే పనిని డ్రైవరు నెత్తినే పెట్టింది.

ఉప్పల్ రింగు దగ్గర ఈ ప్రశ్నకు పదును ఎక్కువ. మెట్రో దిగినవాళ్లను బోడుప్పల్, పీర్జాదిగూడ, రామంతాపూర్, నాచారం, మల్లాపూర్ గల్లీలకు చేర్చేది ఆటోలే. పరుగులు చిన్నవి, చక్కర్లు ఎక్కువ. ఇటు పారిశ్రామికవాడ, అటు స్టేడియం. వరంగల్ రోడ్డు మీద ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగడంతో బండి నడిచిన సేపటికన్నా నిలబడిన సేపే ఎక్కువైన రోజులున్నాయి. వాదనలో వినిపించే ప్రతి మాటకూ ఇక్కడ ఒక ఉదాహరణ దొరుకుతుంది, దాన్ని కొట్టిపారేసే ఉదాహరణా దొరుకుతుంది.

ఇక్కడిదాకా ఎలా వచ్చాం

మొదటి తగవు గ్యాసుకూ కరెంటుకూ మధ్య కాదు, గ్యాసుకూ డీజిల్‌కూ మధ్య. ఢిల్లీ బస్సులు, ఆటోలు, టాక్సీలు సీఎన్జీకి మారాలని సుప్రీంకోర్టు 1998 జులైలో ఆదేశించింది. బస్సులన్నిటికీ 2001 మార్చి 31 గడువు పెట్టింది. గంధకం బాగా తగ్గించిన డీజిల్ చాలదా అని ఒక పక్షం అడిగింది. టెరి అనే ఇంధన పరిశోధన సంస్థ మొగ్గు అటే. ఇంధనం మార్చకపోతే కల్తీని ఎవరూ ఆపలేరని రెండో పక్షం బదులిచ్చింది. అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్‌ల సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ ఈ వైపు నిలబడింది. 2002 ఏప్రిల్ తీర్పుతో గ్యాసు గెలిచింది. మరుసటి ఏడాది కోర్టు దృష్టి హైదరాబాదుతో సహా మరికొన్ని నగరాల గాలి మీదికి మళ్లింది.

హైదరాబాదులో మాత్రం ముందు పాతుకుపోయింది ఎల్పీజీ. 2000లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి బండ్లలో దాన్ని వాడుకోనిచ్చారు. దానికి పైపులైను అక్కర్లేదు. ట్యాంకరు వస్తే బంకు నడుస్తుంది. సీఎన్జీకి పైపు కావాలి, కంప్రెసరు కావాలి. గెయిల్, హెచ్‌పీసీఎల్ కలిసి 2003లో పెట్టిన భాగ్యనగర్ గ్యాస్ సంస్థ ఆ వలను మెల్లగా అల్లుకుంటూ వచ్చింది. నగరంలో రెండు రకాల గ్యాస్ బండ్లు ఇవాళ్టికీ పక్కపక్కనే నడవడానికి కారణం ఈ చరిత్రే. ‘గ్యాస్ ఆటో’ అని ఒకే గాటన కట్టేస్తే లెక్క మొదట్లోనే తప్పుతుంది.

కరెంటు దొడ్డిదారిన వచ్చింది. గంటకు 25 కి.మీ. దాటని ఈ-రిక్షాలకు 2014లో నిబంధనలు వచ్చాయి. అవి ఉత్తరాది ఊళ్లను నింపాయి గానీ ఇక్కడి రోడ్ల వేగానికి ఆనలేదు. లిథియం బ్యాటరీతో, మామూలు ఆటో వేగంతో బండి వచ్చాకే హైదరాబాదు అటు చూసింది. మహీంద్రా ట్రియో 2018లో బజారులోకి వచ్చింది. ఆ కంపెనీ ఆటోలు తయారుచేసే చోట్లలో మన జహీరాబాదూ ఒకటి. బ్యాటరీతో నడిచే రవాణా వాహనాలకు పర్మిట్ అక్కర్లేదని కేంద్రం అదే ఏడాది అక్టోబరులో ప్రకటించింది. రాష్ట్రం 2020 విధానంలో మొదటి 20,000 ఎలక్ట్రిక్ ఆటోలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. 2024 నవంబరులో ఆ పరిమితి తీసేసి మినహాయింపును 2026 డిసెంబరు 31 దాకా ఇచ్చింది. పర్మిటే అక్కర్లేదని కేంద్రం అన్నాక 2025 ఉత్తర్వులో మళ్లీ 20,000 అనే గీత ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. రోడ్లు ఇరుకు, బండ్లు ఎక్కువ అన్నది పాత జవాబు. గీత ఉన్నచోటల్లా దాని మీద బేరం చేసే ఫైనాన్షియర్ ఉంటాడన్నది ఈ నగరానికి తెలిసిన సంగతే.

కిలోమీటరు లెక్క చెప్పేవాళ్లు

కరెంటు పక్షం బలమంతా ఒక్క లెక్కలో ఉంది. కిలో సీఎన్జీ ధర ₹95, మైలేజీ 35 కి.మీ. అనుకుంటే కిలోమీటరుకు రెండు రూపాయల డెబ్భై పైసలు. ఎలక్ట్రిక్ ఆటో కిలోమీటరుకు తినేది, చార్జింగులో పోయే నష్టంతో కలిపి, 0.08 యూనిట్ల దరిదాపు. యూనిట్‌కు ₹10 పడినా ఎనభై పైసలే. రోజుకు 100 కి.మీ., నెలకు 26 రోజులు తిరిగే బండికి దాదాపు ₹5,000 మిగులు. ఇంజిన్ ఆయిలు లేదు, క్లచ్ ప్లేట్లు లేవు, ప్లగ్గులు లేవు. ఉప్పల్ రింగు జాములో ఆగి ఉన్నంతసేపూ గ్యాస్ ఇంజిను తాగుతూనే ఉంటుంది. మోటారు ఊరికే ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు కొంత కరెంటు వెనక్కి కూడా వస్తుంది. అడుగడుగునా ఆగే షేర్ ఆటోకు ఇది చిన్న లాభం కాదు.

గ్యాస్ పక్షం ఈ లెక్కను కాదనదు. అది సగమే అంటుంది. బజాజ్ గోగో 2025 ఫిబ్రవరిలో వచ్చినప్పుడు చిన్న బ్యాటరీ రకం షోరూం ధర సుమారు ₹3.27 లక్షలు, పెద్దది ₹3.83 లక్షలు. గ్యాస్ ఆటోతో తేడా లక్ష అటూ ఇటూ. కేంద్రం సాయం ఏటేటా సన్నబడింది: పీఎం ఈ-డ్రైవ్ పథకంలో బ్యాటరీ సామర్థ్యం ప్రతి యూనిట్‌కూ మొదటి ఏడాది ₹5,000, తర్వాత ₹2,500. పన్నులోనూ దూరం తగ్గింది. ఎలక్ట్రిక్ బండి మీద జీఎస్టీ 5 శాతమే గానీ, ఇంజిను ఆటోల మీద ఉన్న 28 శాతం 2025 సెప్టెంబరు 22 నుంచి 18కి దిగింది. ఇంధన ఖర్చు మిగులుతో లక్ష తేడా పూడాలంటే ఇరవై నెలలు. కొత్త బండి కాబట్టి ఫైనాన్సు వడ్డీ ఎక్కువ పడితే ఇంకా ఎక్కువ.

ఆ తర్వాత బ్యాటరీ. వారంటీ ‘ఐదేళ్లు లేదా 1,20,000 కి.మీ., ఏది ముందైతే అది’ అన్న తరహాలో ఉంటుంది. సొంత కారుకు ఐదేళ్లు ముందొస్తుంది. రోజుకు వంద తిరిగే ఆటోకు ఏడాదికి 31,000 కి.మీ. పైన; నాలుగేళ్లు నిండకముందే వారంటీ చెల్లు. బ్రోచరులో పెద్దక్షరాల ‘ఐదేళ్లు’ చదివి సంతకం పెట్టేవాళ్లకు ఈ కూడికలు తీసివేతలు ఎవరూ చేసి చూపరు. సెకండ్ హ్యాండ్ బజారూ ఇంకా కుదురుకోలేదు. గ్యాస్ బండి ఎనిమిదేళ్ల తర్వాత ఎంతకు పోతుందో ఉప్పల్‌లో ఏ మెకానిక్కైనా చూసి చెప్తాడు. బ్యాటరీ ఎంత మిగిలిందో కంటితో చూసి చెప్పలేం.

ఈ వాదంలో నా మొగ్గు ముందే చెప్పడం మంచిది: సొంత బండి, సొంత చార్జింగు ఉన్నవాడికి కరెంటే లాభం, ఆ విషయం దాదాపు తేలిపోయింది. తేలనిది ఆ రెండూ లేనివాడి సంగతి. రోజు కిరాయికి బండి తీసుకునే డ్రైవరుకు ఇంధన మిగులు నేరుగా అందుతుంది. కానీ ఏ బండి కొనాలో తేల్చేది ఓనరు. మిగులు తనది కానప్పుడు ఓనరు లక్ష ఎక్కువ ఎందుకు పెట్టాలి? పెడితే కిరాయి పెంచుతాడు. 2014లో మొదటి 1.6 కి.మీ.కి ₹20, ఆపై కిలోమీటరుకు ₹11గా నిర్ణయించిన మీటరు చార్జీలు ఏళ్ల తరబడి కదల్లేదు. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చాక షేర్ ఆటోల గిరాకీ పడిపోయిందని యూనియన్లు రోడ్డెక్కాయి. ఆదాయం పెరిగే దారి మూసుకుపోయినచోట ఖర్చు తగ్గించుకోవడమే దారి, అందుకే కరెంటు అంటారు ఒకరు. ఆదాయమే నిలకడగా లేనప్పుడు పెద్ద కిస్తీ నెత్తికెత్తుకోవడం పిచ్చితనం అంటారు ఇంకొకరు. ఇద్దరూ చూస్తున్నది ఒకే ఇబ్బందిని.

గాలి గురించి మాట్లాడేవాళ్లు

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు కలగలిసిపోయాయి: ఊపిరితిత్తుల లోపలికి పోయేది, భూమిని వేడెక్కించేది.

మొదటిదాంట్లో కరెంటు బండికి పోటీ లేదు. పారిశ్రామికవాడలు, జాతీయ రహదారి పక్కపక్కనే ఉన్న ప్రాంతం ఇది. కాలుష్య నియంత్రణ మండలి గాలి నమూనాలు తీసే చోట్లలో ఉప్పల్ పేరు పాతదే. సీఎన్జీ ఇంజిను మసి దాదాపు వదలదు గానీ నత్రజని ఆక్సైడ్లు వదులుతుంది. సర్వీసింగు సరిగా లేని పాత ఎల్పీజీ కిట్టు ఇంకా ఎక్కువ. కరెంటు ఆటో వెనక నిలబడిన స్కూటరు మనిషికి అందులో ఏదీ తగలదు. అయితే టైరు, బ్రేకు, రోడ్డు దుమ్ము రెండింటికీ సమానమే. తవ్విపోసిన రోడ్డు మీద ఏ బండి నడిచినా దుమ్మే.

రెండో ప్రశ్నకు జవాబు అంత సూటిగా లేదు. కిలో సీఎన్జీ మండితే 2.7 కిలోల పైన బొగ్గుపులుసు వాయువు వస్తుంది. కిలోమీటరుకు సుమారు 77 గ్రాములు. ఎల్పీజీదీ ఇంచుమించు ఇంతే. దేశంలో యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల దాకా వస్తుంది, ఎక్కువ బొగ్గుదే కాబట్టి, 0.08 యూనిట్లకు 56 గ్రాములు. అంటే తగ్గేది పాతిక శాతం పైచిలుకు. బ్యాటరీ తయారీలో వెలువడేది కలిపితే తేడా ఇంకా కుదించుకుపోతుంది, పైపుల్లో లీకయ్యే మీథేన్ కలిపితే మళ్లీ పెరుగుతుంది. సౌర విద్యుత్తు వాటా పెరిగే కొద్దీ కరెంటు బండి ఏటా శుభ్రపడుతుంది, గ్యాస్ బండి కొన్ననాటిలాగే ఉంటుందన్నది కరెంటు పక్షం చెప్పే మంచి మాట. కానీ ఆటో చార్జింగు పెట్టేది రాత్రి, సూర్యుడు లేనప్పుడు. ‘పొగ లేని బండి’ అన్నది నిజం. ‘కాలుష్యం లేని బండి’ అన్నది అడ్వర్టైజ్‌మెంట్.

భయాల పద్దు

సికింద్రాబాదులో 2022 సెప్టెంబరు 12 రాత్రి ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పై అంతస్తుల్లోని లాడ్జిలో ఎనిమిది మంది చనిపోయారు. ఆ తర్వాత నగరంలో ఇంటి ఓనర్లు చార్జింగు అనగానే ఆలోచనలో పడడంలో వింత లేదు. ద్విచక్ర, త్రిచక్ర వాహనాల బ్యాటరీలకు ఏఐఎస్-156 ప్రమాణాన్ని కేంద్రం కఠినం చేసి 2022 డిసెంబరు, 2023 మార్చి నుంచి రెండు విడతలుగా అమలు చేసింది. కాబట్టి బండి కొనేవాడు అడగాల్సింది బ్రాండు ఒక్కటే కాదు, బ్యాటరీ ఆ రెండో విడత తర్వాత తయారైందా అని.

గ్యాసుకూ తన పద్దు ఉంది. సీఎన్జీ సిలిండరులో ఒత్తిడి 200 బార్. మూడేళ్లకోసారి దాన్ని పరీక్ష చేయించాలి, చేయించనివాళ్లే ఎక్కువ కనబడతారు. ఎల్పీజీలో అసలు ప్రమాదం బండిది కాదు, ఇంటి సిలిండరు నుంచి మోటారు పెట్టి ఆటోలోకి దొంగచాటుగా ఎక్కించే దుకాణాలది. వానల భయం మాత్రం కరెంటుకే అంటగడతారు. 2020 అక్టోబరు వరదల్లో ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూర్ చెరువు కింది కాలనీలు మునిగాయి. అలాంటి నీళ్లలో ఏ ఆటో అయినా చెడుతుంది. బ్యాటరీ పెట్టెకు ఐపీ67 గుర్తింపు ఉందంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని అర్థం. రాత్రంతా మునిగితే ఆ హామీ పనిచేయదు.

రాత్రి బండి ఎక్కడ పెడతారు?

వాదనలు ఎంత సాగినా నా లెక్కలో చివరికి నిర్ణయం తేల్చేది ఇదే. జూపార్కులో జనాన్ని తిప్పే బ్యాటరీ బండి, రైల్వే ప్లాట్‌ఫారం మీద ముసలివాళ్లను మోసే బ్యాటరీ కారు, గోల్ఫ్ మైదానంలో తిరిగే కార్టు, ఇవన్నీ మన దగ్గర తగవు లేకుండానే కరెంటువి అయిపోయాయి. అక్కడ బండి సంస్థది, తిరిగేది గోడల లోపల, సాయంత్రం చేరేది తెలిసిన షెడ్డుకు, ప్లగ్గు సంస్థదే. ఆటోకు ఈ నాలుగింట్లో ఒక్కటీ లేదు.

చిలకానగర్, నాచారం, మల్లాపూర్ గల్లీల్లో అద్దెకుండే డ్రైవరుకు ఇంట్లో సబ్ మీటరు, బండికి గల్లీలో నిలిపే జాగా. మొదటి అంతస్తు నుంచి వైరు వేలాడదీస్తే ఓనరు ఒప్పుకోవాలి, 15 ఆంపుల ప్లగ్గు ఉండాలి, పక్కింటివాళ్లు గొడవ చేయకూడదు. దీనికి ఇంకో మెలిక. నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్లకు గృహజ్యోతి కింద 2024 మార్చి నుంచి సున్నా బిల్లు వస్తోంది. రోజుకు ఎనిమిది యూనిట్లు, 26 రోజులు లెక్కేస్తే 208. ఆటో ఒక్కటే ఆ గీత దాటేస్తుంది. ఇంటి వాడకం కూడా కలిపితే సున్నా ఉన్నచోట రెండు వేల పైచిలుకు బిల్లు. పై లెక్కలో యూనిట్‌కు ₹10 వేసింది అందుకే. ఇంత వాడకానికి టారిఫ్ పట్టీలో అంత ఉండదు, ఉచితం పోగొట్టుకున్న ఇంటికి మాత్రం అంతే పడుతుంది. గ్యాసు మీద మిగులు తగ్గదు గానీ, ఇంట్లో ఆడవాళ్లకు మొదట కనబడేది ఆ బిల్లే. రెండు పథకాలు ఒకదాని కాలికి ఒకటి అడ్డం పడుతున్న సంగతి విధాన పత్రాల్లో కనబడదు.

బయట చార్జింగు పెడితే? రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ రెడ్కో ఆధ్వర్యంలో, బంకుల్లో, ప్రైవేటుగా స్టేషన్లు వస్తున్నాయి, ఎక్కువ కార్ల కోసం. ఆటోకు మూడు నాలుగు గంటలు పట్టే చార్జింగును పగలు పెట్టుకోవడమంటే సగం రోజు గిరాకీ వదులుకోవడం. పగలొకరు రాత్రొకరు నడిపే బండికైతే ఆ గంటలే లేవు. ఐపీఎల్ రాత్రి మ్యాచ్ అయ్యాక స్టేడియం దగ్గర పదకొండున్నరకు దొరికే మంచి బేరం, పొద్దున్నుంచి తిరిగి బ్యాటరీ అడుగంటిన బండికి దక్కదు. సీఎన్జీవాడికీ బంకు దగ్గర క్యూ తప్పదు. పైపు నేరుగా అందని బంకుకు లారీలో వచ్చిన గ్యాసు అయిపోతూ ఉంటే ఒత్తిడి తగ్గి సిలిండరు సగమే నిండుతుంది. కానీ ఆ క్యూ అరగంటో గంటో.

అందుకే మూడో పక్షం ఒకటి లేచింది: బ్యాటరీ కొనొద్దు, మార్చుకోండి. హైదరాబాదులోనే పుట్టిన గాయం మోటార్ వర్క్స్, రేస్ ఎనర్జీ ఈ దారి ముందే పట్టాయి. రేస్ ఎనర్జీ పాత ఆటోకు మోటారు కిట్టు బిగించి, మార్చుకునే బ్యాటరీలు ఇవ్వడంతో మొదలైంది; హెచ్‌పీసీఎల్ బంకుల్లో మార్పిడి కేంద్రాలు పెట్టింది. బ్యాటరీ ధర బండి ధరలోంచి పోతుంది, గంటల నిరీక్షణ నిమిషాలకు దిగుతుంది, బ్యాటరీ పాడైతే డ్రైవరుది కాదు బాధ. ఇబ్బంది ఒక్కటే: ఒక కంపెనీ బ్యాటరీ ఇంకో కంపెనీ బండికి ఎక్కదు. నాచారంలో కేంద్రం మూతపడితే తార్నాకకు పోవాలి. కంపెనీయే మూతపడితే బండి మూలపడుతుంది.

నాచారం ట్రాలీల దారి వేరు

పాసింజర్ ఆటోల దగ్గర ఇంత చిక్కుపడిన ముడి సరుకు బండ్ల దగ్గర సగం విడిపోయింది. గోడౌను నుంచి ఇళ్లకు పార్శిళ్లు వేసే ట్రాలీలకు దూరం ముందే తెలుసు, బరువు తక్కువ, రాత్రికి గోడౌనులోనే పడుకుంటాయి, కరెంటు కనెక్షను వ్యాపారానిదే. అక్కడ ఎలక్ట్రిక్ బండ్లు చకచకా పెరగడంలో ఆశ్చర్యం లేదు. అదే పారిశ్రామికవాడలో ఇనుప సామాను, డ్రమ్ములు మోసే ట్రాలీవాడు డీజిల్, సీఎన్జీ వదలడు. కాగితం మీది బరువుకన్నా ఎక్కువ ఎక్కించడం అక్కడి ఆనవాయితీ, అధిక బరువుకు బ్యాటరీ దూరం ఇట్టే పడిపోతుంది.

పక్కపక్కన పెడితే

సొంత బండి, సొంత జాగా, ఉప్పల్ చుట్టూ రోజుకు వంద కిలోమీటర్ల లోపు తిరిగే మనిషికి ఎలక్ట్రిక్. అద్దె ఇల్లు, చార్జింగుకు ఒప్పుకోని ఓనరు అయితే మార్పిడి కేంద్రం అడ్డాకు దగ్గర్లో ఉంటేనే ఎలక్ట్రిక్, లేకపోతే సీఎన్జీ. రెండు షిఫ్టుల బండికి, ఘట్‌కేసర్ దాటి దూరం పోయే బండికి సీఎన్జీ. ఎల్పీజీ విషయం కొంచెం మొహమాటంగానే చెప్పాలి: బంకులు దగ్గర, కిట్టు తెలిసిన మెకానిక్కులు దగ్గర అన్నది తప్ప కొత్తగా కొనేవాడికి దానిలో కొట్టొచ్చే లాభం కనబడదు. దానికీ సీఎన్జీకీ ఉత్తర్వులో సమానంగా పది వేలు ఎందుకిచ్చారో అంతుపట్టదు.

ఇంకా తేలనివి

హైదరాబాదు ఎండల్లో, రోజూ పూర్తిగా నింపి పూర్తిగా వాడే లిథియం బ్యాటరీ ఆరో ఏట ఎంత నిలుస్తుందన్నది మొదటిది. ఇక్కడి బండ్లలో ఎక్కువ భాగానికి ఇంకా ఆ వయసు రాలేదు. రోడ్డు పన్ను మినహాయింపు 2026తో ముగిస్తే కొత్త కొనుగోళ్లు ఎటు పోతాయన్నది రెండోది.

అన్నిటికన్నా పెద్దది ఆ 25,000 పాత బండ్ల సంగతి. ఇంజిను తీసి మోటారు పెట్టడానికి ఏఐఎస్-123 కింద ఆమోదించిన కిట్టు కావాలి, ఆర్సీలో ఇంధనం మార్చాలి, బీమా కంపెనీకి తెలపాలి. కొత్త బండికన్నా చవక కాబట్టి పేద డ్రైవరుకు అందుబాటులో ఉండే దారి ఇదే. కానీ పదేళ్ల పాత ఛాసిస్ మీద కొత్త బ్యాటరీ బరువు పెట్టి, రెండేళ్ల తర్వాత వెల్డింగు ఊడితే బాధ్యత బండి కంపెనీదా, కిట్టు కంపెనీదా, బిగించిన షెడ్డుదా? ఈ మార్పిడికి బ్యాంకులు ఏ పేరుతో అప్పివ్వాలి, పాత బండి విలువకా, కొత్త కిట్టు విలువకా? ఈ రెండింటికీ లిఖితపూర్వకంగా జవాబు వచ్చేదాకా ప్రైవేటు ఫైనాన్సువాళ్లే అప్పిస్తారు, వడ్డీ వాళ్లు చెప్పినంతే ఉంటుంది, కిలోమీటరుకు మిగిలే రెండు రూపాయల్లో డ్రైవరు వాటా ఎంతో వాళ్లే తేలుస్తారు.